డ్రైవ్‌లో దాచినవి వెతికితే దొరకాలంటే

పాత సంచికలు స్కాన్ చేయించి గూగుల్ డ్రైవ్‌లో పెట్టుకున్న సాహితీ సంస్థలు, తీర్పుల నకళ్లు డ్రాప్‌బాక్స్‌లో పేర్చుకున్న వకీళ్లు, రికార్డులన్నీ వన్‌డ్రైవ్‌కి ఎక్కించిన కళాశాలలు ఇవాళ చిన్న పట్టణాల్లోనూ కనిపిస్తాయి. దాచే పని తీరిపోయింది. కానీ ఫలానా ఊరి చెరువు మీద వ్యాసం ఏ సంచికలో వచ్చిందని ఎవరైనా అడిగితే, ఆ స్కాన్లు ఎక్కించిన మనిషి జ్ఞాపకమే ఇంకా దిక్కు. ఆ మనిషి ఉద్యోగం మారితే అదీ ఉండదు.

దీనికి సాఫ్ట్‌వేర్ రంగం చెప్పే జవాబు ఇది: ఫైళ్లున్న చోటుకీ ఒక సెర్చ్ సాధనానికీ మధ్య వర్క్‌ఫ్లో ఆటోమేషన్ పెట్టండి, ఫోల్డర్లో ఫైలు పడగానే అందులోని మాటలు సెర్చ్‌లోకి వాటంతటవే చేరిపోతాయి. జవాబు సరైనదే. అయితే దాన్ని చెప్పే తీరులో ఒక లోపం ఉంది. ఎంతసేపూ కలిపే తీగ గురించే మాట్లాడతారు. తీగకు అటు కొసన ఫైల్లో అక్షరాలు నిజంగా అక్షరాలుగా ఉన్నాయా, ఇటు కొసన దొరికినదాన్ని చూసే హక్కు వెతికినవాళ్లకు ఉందా అన్నవి పక్కకు పోతాయి. తెలుగు పత్రాలు పెట్టుకున్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ రెండు కొసల దగ్గరే.

నిల్వ, సెర్చ్, రెండింటినీ కలిపే సాధనం, ఈ మూడు ముక్కలూ వేర్వేరు అవసరాల కోసం పుట్టాయి. సెర్చ్ వంశానికి మూలం డగ్ కటింగ్ 1999లో రాసిన ల్యూసీన్. 2004లో మొదలైన సోలార్, 2010లో షే బానన్ విడుదల చేసిన ఎలాస్టిక్‌సెర్చ్ దాని మీద కట్టినవే. నిల్వ వైపు అమెజాన్ ఎస్3 2006 మార్చిలో, డ్రాప్‌బాక్స్ 2008లో, గూగుల్ డ్రైవ్ 2012 ఏప్రిల్‌లో వచ్చాయి. కలిపే సాధనాల్లో యాహూ పైప్స్ 2007లో వచ్చి 2015లో మూతపడింది. జాపియర్ 2011లో, ఐబీఎం వారి నోడ్-రెడ్ 2013లో, ఇప్పుడు పవర్ ఆటోమేట్ అంటున్న మైక్రోసాఫ్ట్ ఫ్లో 2016లో, బెర్లిన్‌లో పుట్టిన ఎన్‌8ఎన్ 2019లో వచ్చాయి. నిల్వకు ఫైలు ఎవరిదో, ఎవరితో పంచుకున్నారో బాగా తెలుసు. సెర్చ్‌కు ఏ మాట ఏ పత్రంలో ఉందో తెలుసు, ఆ పత్రం ఎవరిదన్నది మనం చెబితే తప్ప తెలియదు. మధ్యలో ఉన్న సాధనానికి ఏదో జరిగిందన్న కబురు మాత్రమే అందుతుంది. ఇక్కడ వచ్చే చిక్కులన్నీ ఈ మూడింటి అతుకుల దగ్గర పుడతాయి.

అసలు ఈ గొలుసు మీకు అవసరమా అన్నది ముందు చూసుకోవాలి. గూగుల్ డ్రైవ్ ఫైలు పేరుతో సరిపెట్టుకోదు. లోపలి పాఠాన్నీ, పీడీఎఫ్‌లలో బొమ్మలుగా ఉన్న అక్షరాల్నీ కొంతవరకు చదివి వెతుకుతుంది. పదిమంది పనిచేసే చోట ఫైళ్లన్నీ ఒక్క డ్రైవ్‌లోనే ఉంటే ఆ వెతుకులాటనే సరిగ్గా వాడుకోవడం మేలు. బయటి పాఠకులు కూడా వెతకాలనుకున్నా, ఫైళ్లు రెండు మూడు చోట్ల చెదిరి ఉన్నా, సంవత్సరం, రచయిత, ఊరు వారీగా జల్లెడ పట్టాల్సి వచ్చినా, తెలుగు పదరూపాలను మన పద్ధతిలో చూడమని చెప్పాలనుకున్నా అప్పుడు వేరే సెర్చ్ కావాలి. పత్రాలు సొంత సర్వర్లో ఉండాలనుకునేవారికి నెక్స్ట్‌క్లౌడ్‌లో పూర్తి పాఠం వెతికే సదుపాయాన్ని ఎలాస్టిక్‌సెర్చ్‌తో జోడించుకోవచ్చు. రసీదులు, ఉత్తరాల వంటి విడి కాగితాలకైతే పేపర్‌లెస్-ఎన్‌జీఎక్స్ ఒక్కటే స్కాన్ చదవడం నుంచి వెతకడం దాకా చూసుకుంటుంది. వీటితో పని జరిగితే జాపియర్, ఎన్‌8ఎన్‌ల దాకా పోనక్కర్లేదు.

పోవాల్సి వచ్చిందనుకుందాం. ఫైలు మారిందన్న కబురు రెండు రకాలుగా వస్తుంది. మొదటిది పదే పదే వెళ్లి అడగడం. జాపియర్ ఉచిత ప్లాన్‌లో 15 నిమిషాలకోసారి వెళ్లి కొత్తవేమైనా ఉన్నాయా అని చూస్తుంది. చాలా సంస్థలకు ఈ ఆలస్యం లెక్కలోకి రాదు. రెండోది నిల్వే మనకు కబురు పంపడం. వినడానికి ఇదే బాగుంటుంది గానీ జాగ్రత్తలూ దీనికే ఎక్కువ. గూగుల్ డ్రైవ్ కబురులో మార్పు జరిగిందన్న సంగతే ఉంటుంది. ఏం మారిందో మళ్లీ మనమే వెళ్లి మార్పుల జాబితా తెచ్చుకోవాలి. పైగా ఆ ఏర్పాటుకు గడువుంది. డ్రైవ్ మొత్తం మార్పుల మీద పెట్టుకున్నదైతే గరిష్ఠంగా ఒక వారం, ఒక్కో ఫైలు మీద పెట్టుకున్నదైతే ఒక రోజు. గడువు తీరేలోగా పొడిగించకపోతే కబుర్లు ఆగిపోతాయి, ఎర్ర గీత కూడా ఎక్కడా కనిపించదు. అన్నీ సవ్యంగా ఉన్నాయనే అనుకుంటూ ఉంటాం. డ్రాప్‌బాక్స్ ఏ ఖాతాలో కదలిక వచ్చిందో చెబుతుంది, పది సెకన్లలోపు అందిందని బదులివ్వాలి, వివరాలు మళ్లీ అడిగి తెచ్చుకోవాలి. అమెజాన్ ఎస్3 ప్రతి కబురునూ కనీసం ఒకసారి అందిస్తానంటుంది. అంటే రెండుసార్లు రావచ్చు, వరస కూడా తప్పవచ్చు. అందుకే సెర్చ్‌లో చేర్చే పత్రానికి నిల్వ ఇచ్చిన ఫైలు ఐడీనే ఐడీగా పెట్టాలి. అప్పుడు ఒకే కబురు రెండుసార్లు వచ్చినా పాతదాని మీదే కొత్తది కూర్చుంటుంది, నకలు పుట్టదు. ఫైలు పేరును ఐడీగా పెడితే పేరు మార్చిన రోజున ఒకే పత్రం రెండుగా కనిపిస్తుంది. అదీకాక గూగుల్ డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండొచ్చు.

ఇక ఈ సాధనాల్లో గూగుల్ డ్రైవ్‌కు ఇచ్చిన ట్రిగ్గర్ల, అంటే వర్క్‌ఫ్లోను కదిలించే సంకేతాల, జాబితా చూడండి. జాపియర్‌లో కొత్త ఫైలు, కొత్త ఫోల్డరు, మారిన ఫైలు. ఎన్‌8ఎన్‌లోనూ దాదాపు అవే. ఫైలు తీసేశారు అన్నది వాటిలో లేదు. ఫోల్డరు మీద పెట్టిన ట్రిగ్గర్ దాని లోపలి ఫోల్డర్లలో పడిన ఫైళ్లను పట్టించుకోకపోవడమూ మామూలే. సంవత్సరం, అందులో నెల, అందులో సంచిక అని ఫోల్డర్లు పేర్చుకున్న పత్రికకు ఇది పెద్ద దెబ్బ. ఇంకొకటి, ట్రిగ్గర్ పెట్టిన తర్వాత జరిగినవాటికే కదులుతుంది. అప్పటికే ఉన్న వేల ఫైళ్లను ఎక్కించే పని విడిగా చేసుకోవాలి. కొత్తది చేర్చడం ఒక్కటే చూపించే ప్రదర్శనలు చూసి ఈ సాధనాలను అంచనా వేయకూడదని నేననేది ఇందుకే. పోయినదాన్ని, మారినదాన్ని, జరిపినదాన్ని ఎలా పట్టుకుంటాయో చూసి అంచనా వేయాలి.

మందు ఉంది, కొంచెం విసుగు పుట్టించేది. రోజుకోసారి, రాత్రిపూట, నిల్వలో ఉన్న ఐడీల జాబితానూ సెర్చ్‌లో ఉన్న ఐడీల జాబితానూ పక్కపక్కన పెట్టి సరిచూడటం. అక్కడ ఉండి ఇక్కడ లేనివి చేర్చాలి, ఇక్కడ ఉండి అక్కడ లేనివి తీసేయాలి, మార్పు తేదీ వేరైతే మళ్లీ చదవాలి. పాత కిరాణా కొట్లలో సాయంత్రం గల్లాపెట్టెనూ చిట్టానూ సరిచూసుకున్నట్టే ఇదీను. సరిచూసే పని ఒకటుంటే పగటి ట్రిగ్గర్ ఎప్పుడైనా తప్పినా తెల్లారేసరికి సర్దుకుంటుంది. అది లేని గొలుసు ఎంత అందంగా గీసినా, ఆరు నెలల్లో సెర్చ్‌లో చూపినదానికీ ఫోల్డర్లో ఉన్నదానికీ పొంతన పోతుంది. డ్రైవ్‌లో తీసేసిన ఫైలు 30 రోజులు చెత్తబుట్టలో ఉంటుంది కాబట్టి, బుట్టలో ఉన్నదాన్ని పోయినట్టుగా లెక్కించాలో లేదో కూడా ముందే తేల్చుకోవాలి.

అటు కొస దగ్గరికి వద్దాం. ఫైల్లోంచి పాఠం బయటికి తీయాలి. వర్డ్, ఎక్సెల్, పీడీఎఫ్ వంటి వెయ్యికి పైగా ఫైలు రకాలను చదివే అపాచీ టికా ఉంది, చాలా సెర్చ్ సాధనాలు లోపల దాన్నే వాడతాయి. ఇంగ్లీషు పత్రాలకు కథ దాదాపు ఇక్కడితో అయిపోతుంది. మన దగ్గర ఇక్కడే మొదలవుతుంది.

తెలుగు డీటీపీ దశాబ్దాల పాటు పేజ్‌మేకర్ మీద, అను, శ్రీలిపి వంటి ఫాంట్ల మీద నడిచింది. వాటిలో తెరమీద తెలుగు ముక్కలు కనబడతాయి గానీ ఫైల్లో ఉండేవి రోమన్ అక్షరాల సంకేతాలు. టికా ఆ పీడీఎఫ్‌ను విప్పితే అర్థంలేని ఇంగ్లీషు గుర్తుల వరస వస్తుంది. దుర్మార్గమేమిటంటే ఎక్కడా పొరపాటు నమోదు కాదు. వర్క్‌ఫ్లో పచ్చగా వెలుగుతుంది, పత్రం చేరిందని చెబుతుంది, చెరువు అని వెతికితే మాత్రం ఎప్పటికీ దొరకదు. యూనికోడ్‌లో టైపు చేసిన పత్రాలు కూడా పీడీఎఫ్‌గా మారేటప్పుడు ఒత్తులు, గుణింతాలు చెదిరిపోవడం ఉంది. అందుకని పాఠం తీసిన వెంటనే ఒక తనిఖీ మెట్టు తప్పనిసరిగా పెట్టాలి. వచ్చిన అక్షరాల్లో ఎంత శాతం తెలుగు యూనికోడ్ పరిధిలో ఉన్నాయో లెక్కపెట్టి, తక్కువైతే ఆ ఫైలును ఫాంటు మార్పిడికో, బొమ్మలోని అక్షరాలను చదివే ఓసీఆర్‌కో మళ్లించాలి. ఎన్‌8ఎన్‌లో ఇది నాలుగైదు వరసల కోడు. ఈ మొత్తం ఏర్పాటులో ఇంత తక్కువ శ్రమకు ఇంత ఎక్కువ ఫలితమిచ్చే మెట్టు నాకు మరొకటి కనబడలేదు.

ఓసీఆర్ సంగతి మునుపటికంటే చాలా మెరుగైంది. 1985లో హెచ్‌పీ ప్రయోగశాలలో మొదలై 2005లో అందరికీ విడుదలైన టెసరాక్ట్ తెలుగు చదువుతుంది. స్కాన్ పీడీఎఫ్‌ను గూగుల్ డాక్స్‌లో తెరిస్తే పాఠం వస్తుందన్నది చాలామందికి తెలిసిన మార్గమే. ఓసీఆర్4వికీసోర్స్ అనే చిన్న ప్రోగ్రాము ఈ మార్గాన్నే గొలుసుగా మార్చింది. పుస్తకాన్ని పేజీలుగా విడదీసి, డ్రైవ్‌కి ఎక్కించి, పాఠం దించుకుని, వికీసోర్స్ పేజీలో పెట్టేది. నిల్వ, మధ్య పని, వెతకదగ్గ పాఠం, మూడూ అందులో ఉన్నాయి. దాన్ని తయారుచేసింది వికీసోర్స్‌లో పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు. మన భాషల్లో ఈ పని ఇప్పుడు కొత్తగా మొదలైందనుకునేవాళ్లు ఆ కృషిని ఒకసారి చూడాలి.

ఇంకా వెనక్కి వెళితే చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి 1994 ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి ముందుండి నడిపిన పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు, దానిలో భాగంగా వచ్చిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఉన్నాయి. వేల తెలుగు పుస్తకాలు ఆ స్కాన్ల వల్లే మిగిలాయి. ఇవాళ వాటిని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చదువుకుంటున్నాం. కానీ చాలా పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, ఒక్కోచోట ఒక్కో వర్ణక్రమంతో పడటంతో, ఉందని తెలిసిన పుస్తకం కూడా చేతికి రావడానికి గంటలు పడుతుంది. భద్రపరచడం ఎంత గొప్పగా జరిగినా పేరు, రచయిత, సంవత్సరం సరిగా రాయకపోతే ఏమవుతుందో దీనికంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

పాఠం సరిగా వచ్చాక కూడా పరిమాణం దగ్గర రెండు ఉచ్చులున్నాయి. ఎలాస్టిక్‌సెర్చ్‌లో ఫైళ్లను విప్పే అటాచ్‌మెంట్ ప్రాసెసర్, మనం మార్చకపోతే, ఒక్కో ఫైలు నుంచి మొదటి 1,00,000 అక్షరాలే తీసుకుంటుంది. గుణింతం, ఒత్తు, పొల్లు కూడా విడిగా లెక్కకొచ్చే తెలుగులో అది సుమారు 60 అచ్చు పేజీలు. 300 పేజీల నవలలో మిగతాదంతా సెర్చ్‌కు లేనట్టే. ఆల్గోలియా అనే సెర్చ్ సేవ ఉచిత ప్లాన్‌లో ఒక్కో రికార్డు 10 కిలోబైట్లు మించకూడదు. యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు, తెలుగు గుర్తు ప్రతిదానికీ మూడు కావాలి. ‘స్త్రీ’ ఒక్కటే 18 బైట్లు. అంటే రికార్డుకు రెండు పేజీల పాఠమైనా కష్టం. కాబట్టి పుస్తకాన్ని పేజీకో రికార్డు చొప్పున విడదీసి, ప్రతి దాంట్లో పుస్తకం ఐడీ, పేజీ నంబరు ఉంచడమే దారి. దీనివల్ల పాఠకులకు ఇంకో లాభం, వెతికినవాళ్లు నేరుగా ఆ పేజీకే వెళతారు.

సెర్చ్ వైపు తెలుగుకు ఉన్న ఇబ్బందులు అక్షరాల నుంచే మొదలవుతాయి. ‘వెబ్‌సైట్’ అన్న మాట మధ్యలో కంటికి కనబడని విడదీసే గుర్తు పెట్టి కొందరు రాస్తారు, పెట్టకుండా కొందరు రాస్తారు. యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. ఐత్వం గుర్తును ఒకే సంకేతంగానూ, రెండు సంకేతాల జంటగానూ రాయొచ్చు. ‘పెళ్లి’, ‘పెళ్ళి’, ‘పెండ్లి’ మూడూ మనకు ఒకటే. పాఠాన్ని చేర్చేటప్పుడూ, వెతికే మాటను తీసుకునేటప్పుడూ ఒకే రకమైన శుద్ధి చేయకపోతే ఉన్న పత్రం లేదనే వస్తుంది. ఇక విభక్తులు. చెరువు, చెరువులో, చెరువులకు వంటివి మొదటి అక్షరాలు కలిపి వెతికితే దొరుకుతాయి. ఇల్లు, ఇంటికి, ఇళ్లలో అన్నవి అలా దొరకవు. ల్యూసీన్ 9వ తరంలో తెలుగు పదరూపాలను విశ్లేషించే ప్రత్యేకమైన ఎనలైజర్ ఉంది. దాన్ని వాడటం, దానికి మన సంస్థ పత్రాల్లో తరచుగా వచ్చే రూపాల పట్టిక కలపడం మంచి మొదలు.

ఓసీఆర్ తప్పుల్ని దాటడానికి దగ్గరి మాటలను కూడా తెమ్మని అడిగే ఏర్పాటు ఒకటుంది. ఎలాస్టిక్‌సెర్చ్‌లో దాన్ని ఆటో అని వదిలేస్తే, ఐదు కంటే ఎక్కువ గుర్తులున్న మాటకు రెండు మార్పుల దాకా ఒప్పుకుంటుంది. ‘పెళ్లి’లో ఆరు గుర్తులున్నాయి. ఎత్వం ఇత్వంగా, ళ ల గా మారితే అది ‘పిల్లి’. అంటే పెళ్లి కోసం వెతికినవారికి పిల్లి మీద వ్యాసాలూ వస్తాయి. ఇంగ్లీషు మాటల పొడవును బట్టి వేసిన లెక్క ఇది, మనం తగ్గించుకోవాల్సిందే.

ఈ బాధలన్నీ అర్థాన్ని బట్టి వెతికే వెక్టర్ పద్ధతితో పోతాయని ఇప్పుడు చాలామంది అంటున్నారు. కొంత నిజం. లాబ్‌సే, బీజీఈ-ఎం3 వంటి బహుభాషా నమూనాలు తెలుగును లెక్కలోకి తీసుకుంటాయి. ‘నీటి ఎద్దడి’ అని అడిగితే ‘కరువు’ ఉన్న పేరాను తేగలవు. మాటకు మాట వెతికితే అది సాధ్యం కాదు. అయితే సర్వే నంబరు, మనిషి పేరు, జీవో నంబరు వంటివాటికి అచ్చంగా ఆ అక్షరాలే కలవాలి. రెండింటినీ కలిపి వాడేవే నిలుస్తాయి. పాఠం చెడిపోయి ఉంటే వెక్టర్ పద్ధతి కూడా చెడిపోయిన పాఠానికే అర్థం కడుతుంది. మరో పీటముడి కూడా ఉంది. ఇందులో ఒక్కో ఫైలు చాలా ముక్కలుగా చేరుతుంది. 40 ముక్కల పత్రాన్ని కుదించి మళ్లీ ఎక్కిస్తే 25 ముక్కలే వచ్చాయనుకోండి, పాత 15 అలాగే ఉండిపోయి జవాబుల్లో కనబడుతూ ఉంటాయి. కొత్తవి చేర్చేముందు ఆ ఫైలు ఐడీతో ఉన్న పాతవన్నీ తుడిచేయాలి.

ఇటు కొసన హక్కుల ప్రశ్న ఉంది, నాకు అన్నిటికంటే ఆందోళన కలిగించేది అదే. వర్క్‌ఫ్లో సాధనం సాధారణంగా ఒకరి లాగిన్‌తో డ్రైవ్‌లోకి వెళుతుంది. ఆ ఒకరు ప్రిన్సిపాలో కార్యదర్శో అయితే వారికి కనబడేదంతా సెర్చ్‌లోకి వెళుతుంది, జీతాల పట్టికలు, విద్యార్థుల కుల ధ్రువీకరణ పత్రాలు, క్రమశిక్షణ నోటీసులతో సహా. తర్వాత సెర్చ్ పెట్టె తెరిచిన గుమాస్తాకు అవన్నీ కనబడతాయి. ఫైలు తెరవలేకపోయినా రెండు వరసల తునక చాలు, రహస్యం బయటపడటానికి. కాబట్టి ప్రతి పత్రంతో పాటు దాన్ని ఎవరు చూడొచ్చన్న జాబితా కూడా సెర్చ్‌లో చేరాలి, వెతికే ప్రతిసారీ దాంతో వడపోయాలి. పంచుకున్న అనుమతి వెనక్కి తీసుకుంటే అదీ ఆ రాత్రికల్లా చేరాలి. ఈ సదుపాయం ఎలాస్టిక్‌సెర్చ్‌లో డబ్బు కట్టే శ్రేణిలో ఉంది, 2021లో దానినుంచి చీలిన ఓపెన్‌సెర్చ్‌లో ఉచితంగానే ఉంది. టైప్‌సెన్స్, మెయిలీసెర్చ్, ఆల్గోలియా వంటి సెర్చ్ సాధనాల్లో వాడుకరిని బట్టి పరిమితి పెట్టిన తాళాలు ఇవ్వొచ్చు. అంత శక్తి లేని సంస్థ, అందరూ చూడదగ్గ ఫోల్డరు ఒక్కటి విడిగా పెట్టి, ఆ ఒక్కదానికే అనుమతి ఉన్న ఖాతాతో గొలుసు నడపడం క్షేమం.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన వివరాలు తొలగించమని అడిగే హక్కు మనిషికి ఇచ్చింది. డ్రైవ్‌లో ఫైలు తీసేస్తే ఆ పని పూర్తయినట్టు కాదు. సెర్చ్‌లో నకలుంటుంది, వెక్టర్ ముక్కలుంటాయి, ఎన్‌8ఎన్ తన పాత పరుగుల రికార్డులో దాచుకున్న పాఠమూ ఉంటుంది. మరోవైపు 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4, ప్రభుత్వ సంస్థలు రికార్డులన్నిటినీ జాబితా కట్టి, సూచికలతో, సమాచారం ఇవ్వడానికి వీలుగా ఉంచాలని చెబుతోంది. అడిగిన 30 రోజుల్లో ఇవ్వలేకపోవడానికి చాలా ఆఫీసుల్లో కాగితం ఎక్కడుందో తెలియకపోవడమూ ఒక కారణం. పౌరుడికి నిజంగా మేలు చేసే చోటు ఇది, పత్రికల పాత సంచికలకంటే ముందు ఇక్కడ ఈ పని జరగాలని నేను గట్టిగా కోరుకుంటాను. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్‌లోనే తన క్లౌడ్ కేంద్రాన్ని తెరిచింది కాబట్టి, ఫైళ్లు దేశం దాటకూడదన్న నిబంధన ఉన్నవారికీ దారి ఉంది.

ఖర్చు గురించి ఒక్క మాట. జాపియర్ చేసిన ప్రతి మెట్టుకూ లెక్కకడుతుంది, ఎన్‌8ఎన్ క్లౌడ్ మొత్తం పరుగును ఒకటిగా లెక్కిస్తుంది. పేజీ పేజీకీ ఓసీఆర్ చేసే పనిలో ఈ తేడా చాలా పెద్దది. ఎన్‌8ఎన్‌ను సొంత సర్వర్లో పెట్టుకుని సంస్థ లోపలి పనికి ఉచితంగా వాడుకోవచ్చు, కానీ దాన్ని చూసుకునే మనిషి ఉండాలి.

ఉన్న డబ్బులో ఎక్కువ భాగం పాఠాన్ని బాగుచేయడానికే పెట్టమని నా సలహా. పాత ఫాంట్ల నుంచి మార్చడం, ఓసీఆర్ తప్పులు దిద్దడం, పేరు, రచయిత, తేదీ రాయడం. ఇవి మనుషులు చేయాల్సిన పనులు. అలా దిద్దిన పాఠం సెర్చ్ సాధనంలో మాత్రమే ఉండకూడదు. 2002లో వచ్చిన గూగుల్ సెర్చ్ అప్లయన్స్‌ను ఆపేస్తున్నట్టు 2016లో ప్రకటించారు, ఎలాస్టిక్‌సెర్చ్ లైసెన్సు 2021లో ఒకసారి, 2024లో మరోసారి మారింది. సాధనం మారిన ప్రతిసారీ దిద్దుబాటు మళ్లీ చేయించుకునే స్థోమత మన సంస్థలకు లేదు. ప్రతి స్కాన్‌కూ జతగా యూనికోడ్ పాఠం ఉన్న మామూలు టెక్స్ట్ ఫైలు ఒకటి, అదే ఐడీ పేరుతో, డ్రైవ్‌లోనే వేరే ఫోల్డర్లో ఉంచాలి. ట్రిగ్గర్ కాపలా కాసే ఫోల్డర్లో మాత్రం పెట్టకూడదు. పెడితే తాను రాసిన ఫైలునే కొత్త ఫైలనుకుని వర్క్‌ఫ్లో మళ్లీ మళ్లీ నడుస్తుంది.